ఇంటూ గుర్తు నొక్కినా ఆగని ప్రోగ్రాం

విండోస్ మీద చెయ్యి తిరిగినవాళ్లు మ్యాక్‌కి మారితే మొదటి వారంలోనే ఒక తికమకలో పడతారు. పై మూలనున్న ఎర్ర గుండీ నొక్కితే విండో పోతుంది గానీ ప్రోగ్రాం పోదు. దాని మెనూ తెర మీద అలాగే కూర్చుని ఉంటుంది, కింద డాక్‌లో దాని బొమ్మ దగ్గర చిన్న చుక్క కనిపిస్తూనే ఉంటుంది. మ్యాక్ నుంచి విండోస్‌కి వచ్చినవాళ్ల పాట్లు ఇంకో రకం. ఉన్న ఒక్క ఫైలూ మూసి కొత్తది తెరుద్దామనుకుంటే ప్రోగ్రామే మాయమవుతుంది. ఎవరి పద్ధతి వాళ్లకు సహజంగానూ, ఎదుటివాళ్లది మొండితనంగానూ తోస్తుంది. ఈ పేచీకి మూలం వెతుకుతూ పోతే నలభై ఏళ్ల వెనక మెనూను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దగ్గర ఆగుతాం.

ఆపిల్ కంపెనీ లీసా కంప్యూటర్‌ను తయారుచేస్తున్న రోజుల్లో తెర రూపం మారుతున్న కొద్దీ ఆ జట్టులోని ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్ పోలరాయిడ్ కెమెరాతో ఫొటోలు తీసి దాచుకునేవారు. ఆ ఫొటోల్లో మెనూ వరస మొదట విండో నెత్తిన ఉంటుంది. తర్వాత విండోను వదిలి తెర పైఅంచుకు చేరుతుంది. మెనూ తెరకు అంటుకుంది కాబట్టి విండో ఒక్కటీ లేకపోయినా ప్రోగ్రాంకు నిలబడే చోటు దొరికింది. 1983లో 9,995 డాలర్లకు వచ్చిన లీసాను కొన్నవాళ్లు తక్కువే. కానీ ఆ మెనూ మాత్రం 1984 జనవరి 24న విడుదలైన మెకింటాష్‌కు వారసత్వంగా దక్కింది.

ఆ తొలి మ్యాక్ మెమరీ 128 కేబీ. హార్డ్ డిస్క్ లేదు, ఉన్నదల్లా 400 కేబీ ఫ్లాపీ. ఒకసారికి ఒకే ప్రోగ్రాం నడుస్తుంది. ఫైళ్లు చూపించే ఫైండర్, ఉత్తరాలు రాసుకునే మ్యాక్‌రైట్ రెండూ ఒకేసారి మెమరీలో పట్టవు. మ్యాక్‌రైట్‌ను వదిలితే ఫ్లాపీ గిర్రున తిరిగి ఫైండర్‌ను మళ్లీ ఎక్కించాలి, ఇంకో ఉత్తరం రాయాలంటే మళ్లీ మ్యాక్‌రైట్‌ను ఎక్కించాలి. పైగా మ్యాక్‌రైట్‌లో ఒకసారికి ఒక్క ఉత్తరమే తెరుచుకునేది. అందుకని రాసిన ఉత్తరం మూసి ప్రోగ్రాంను అలాగే ఉంచుకోవడం ఆ రోజుల్లో సమయం కలిసొచ్చే పని. అదే కంప్యూటర్‌లో క్యాలిక్యులేటర్, నోట్‌ప్యాడ్ వంటి చిన్న పనిముట్లు మాత్రం విండో మూయగానే ఆగిపోయేవి. అంటే మ్యాక్‌లో పుట్టుకతోనే రెండు నియమాలున్నాయన్న మాట!

1987లో మల్టీఫైండర్ వచ్చాక చిక్కు బయటపడింది. ఇప్పుడు ఒకేసారి నాలుగైదు ప్రోగ్రాములు నడపొచ్చు. డెస్క్‌టాప్ మీద ఒక్క నొక్కు నొక్కితే ఫైండర్ ముందుకొస్తుంది, విండోలన్నీ మూసేసిన ప్రోగ్రాం ఆనవాలు కూడా కనపడదు. అయినా తనకని ముందే కేటాయించిన మెమరీని పట్టుకునే ఉంటుంది. తెర ఖాళీ, మెమరీ మాత్రం నిండు. 1991లో వచ్చిన సిస్టమ్ 7లో ఈ పద్ధతే శాశ్వతమైంది. నడుస్తున్నవేవో తెలియాలంటే కుడి పైమూలనున్న మెనూ దించి చూసుకోవాలి.

విండోస్ మొదటి వెర్షన్ 1985 నవంబర్ 20న వచ్చింది. అందులో ఒక్కో ప్రోగ్రాం మెనూ దాని విండోలోనే ఉంటుంది. విండో పోతే మెనూ కూడా పోతుంది. ఆజ్ఞాపించే దారే లేని ప్రోగ్రాంను బతికించి ఏం లాభం? ఆ రోజుల విండోస్‌లో ఇంకో విడ్డూరం ఉంది. 1987లో పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ పీసీలకు వచ్చినప్పుడు విండోస్ లేనివాళ్ల కోసం డబ్బాలో దాని కుదింపు కాపీ ఒకటి పెట్టి ఇచ్చారు. పేజ్‌మేకర్‌ను మొదలుపెడితే దానితోపాటు విండోస్ లేచేది, దాన్ని మూస్తే విండోస్ కూడా మూతపడి మళ్లీ డాస్ నల్లతెర ఎదురయ్యేది. తర్వాతి కాలంలో తెలుగునాట డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు, పుస్తకాలు కూర్చినది ఆ పేజ్‌మేకర్ మీదే.

వర్డ్, ఎక్సెల్ ఇంకో దారి పట్టాయి. ఒక పెద్ద విండో, దాని కడుపులో ఫైళ్ల చిన్న విండోలు. కంట్రోల్ ఎఫ్4 కొడితే ఫైలు మూతపడుతుంది, ఆల్ట్ ఎఫ్4 కొడితే మొత్తం పోతుంది. ఫైళ్లన్నీ మూసినా బూడిదరంగు ఖాళీ విండో మెనూతో సహా మిగిలేది. నన్నడిగితే అది విండోస్ లోపల దాగిన మ్యాక్. వర్డ్ 2000లో ఈ పద్ధతికి దూరం జరగడం మొదలైంది, ఎక్సెల్ మాత్రం 2013 దాకా వదల్లేదు.

1995 ఆగస్టు 24న విండోస్ 95 కుడి మూలన ఇంటూ గుర్తు పెట్టింది. స్టీవ్ జాబ్స్ నెక్స్ట్ కంప్యూటర్‌లో అలాంటి గుర్తు అదే మూలన అంతకు ముందే ఉంది. కింద టాస్క్‌బార్‌లో విండోకొక గుండీ, విండో మూస్తే గుండీ కూడా పోతుంది. విండో అంటేనే ప్రోగ్రాం అన్న నమ్మకం కోట్ల మందికి అక్కడే కుదిరింది. తమాషా ఏమిటంటే గడియారం పక్కన చిన్న బొమ్మలుండే చోటు కూడా అదే విండోస్ 95తో వచ్చింది. ఇంటూ నొక్కాక అక్కడికి జారుకుని బతికే మెసెంజర్లు, డౌన్‌లోడ్ ప్రోగ్రాములు తర్వాత ఎన్నొచ్చాయో!

ఆపిల్ కూడా తన నియమానికి పూర్తిగా కట్టుబడలేదు. 2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్‌లో, చివరి విండో మూస్తే ప్రోగ్రాం ఆగాలా వద్దా అన్నది రాసినవాళ్ల ఇష్టానికే వదిలింది. సెట్టింగులు మార్చుకునే సిస్టమ్ ప్రిఫరెన్సెస్ విండో మూయగానే ఆగిపోయేది, ఉత్తరాల మెయిల్ ఆగేది కాదు. ఎప్పుడు ఏది ఆగుతుందో అలవాటు మీద తెలియాల్సిందే. 2011లో లయన్ వెర్షన్ ఇంకో మెట్టెక్కింది. విండోల్లేకుండా వెనక పడి ఉన్న ప్రోగ్రాంను, అది ఒప్పుకున్నదైతే, సిస్టమే చడీచప్పుడు లేకుండా ఆపేసి మెమరీ ఖాళీ చేసుకుంటుంది. మనిషి పట్టించుకోనక్కర్లేదన్న ఈ ఆలోచన ఐఫోన్‌లో అప్పటికే నడుస్తోంది.

మ్యాక్‌లో విండో మూసే మీట కమాండ్ డబ్ల్యూ, ప్రోగ్రాం ఆపే మీట కమాండ్ క్యూ. కీబోర్డు మీద ఆ రెండక్షరాలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక ట్యాబ్ మూయబోయి వేలు జారితే బ్రౌజర్ మొత్తం పోతుంది. అందుకే మ్యాక్‌లోని క్రోమ్‌లో ఒక సెట్టింగ్ పెట్టారు. అది వేసుకుంటే కమాండ్ క్యూను కాసేపు నొక్కి పట్టుకుంటేనే బ్రౌజర్ ఆగుతుంది.