బరువు దించుకునే రోజు

పవిత్ర వారంలో మన ఊళ్ళలో ఏ ఆర్‌సీఎం గుడికి వెళ్ళినా ఒక వరుస కనిపిస్తుంది. గుడిలో ఓ పక్కన ఫాదర్ గారు కుర్చీలో చెవి ఒగ్గి కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరే వెళ్ళి పక్కన మోకరించి, గుసగుసగా నాలుగు మాటలు చెప్పి లేచి వస్తారు. బడిపిల్లలూ, ముసలివాళ్ళూ, ఊరి పెద్దా, ఆయన పొలంలో కూలికి వెళ్ళే మనిషీ అందరూ ఆ వరుసలోనే ఉంటారు. ఏం చెప్పావని ఎవరూ ఎవర్నీ అడగరు.

తెలుగు కతోలికులు దీన్ని పాపసంకీర్తనం అంటారు. సంకీర్తన అనగానే మనకి అన్నమయ్య గుర్తొస్తాడు, తాళాలు గుర్తొస్తాయి. అది పదిమంది వినేలా గొంతెత్తి పాడేది. ఇదేమో పక్కవాడికి కూడా వినపడకూడని మాట. పేరుకీ పనికీ పొంతన లేదనిపిస్తుంది. కానీ కాస్త వెనక్కి వెళ్తే, ఇది ఒకప్పుడు నిజంగానే ఊరందరి కళ్ళ ముందూ జరిగేది. ఆ బహిరంగం ఈ గుసగుసగా ఎలా మారింది, దానికి ఈస్టరుతో పనేమిటి అన్నదే ఈ వ్యాసం.

కష్టం వస్తే "దేవుడి మీద భారం వేశాం" అంటాం మనం. అందుకు ఇల్లు కదలనక్కర్లేదు. కతోలిక సంప్రదాయం మాత్రం, దేవుడి మీద వేసే భారమైనా ఒక మనిషి ఎదుట దించమంటుంది. ఇందుకు వాళ్ళు చూపించే ఆధారం యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది. యేసు సమాధి నుంచి లేచిన రోజు సాయంత్రం శిష్యులు భయంతో తలుపులు వేసుకుని కూర్చుని ఉంటారు. ఆయన వాళ్ళ మధ్యకి వచ్చి, వాళ్ళ మీద ఊపిరి ఊది, పాపాలు క్షమించే అధికారం ఇస్తాడు. అంటే ఈ క్షమాపణ పుట్టిందే ఈస్టరు రోజున. పైగా, తొలినాళ్ళ సంఘంలో కొత్తవాళ్ళు జ్ఞానస్నానం పొందేది ముఖ్యంగా పాస్కా రాత్రే. వాళ్ళు కొత్తగా లోపలికి వచ్చే వేళకి, తప్పు చేసి దూరమైన పాతవాళ్ళు కూడా తిరిగి రావాలి. అందుకని రోములో వాళ్ళని ఈస్టరుకి ముందు గురువారం నాడు క్షమించి కలుపుకునేవారు. 416లో పోపు మొదటి ఇన్నోసెంట్ రాసిన ఉత్తరంలో ఈ ఆచారం ప్రస్తావన ఉంది.

ఆ తిరిగి రావడం ఎలా ఉండేదో ఫబియోలా కథలో కనిపిస్తుంది. నాలుగో శతాబ్దపు రోములో గొప్ప వంశంలో పుట్టిన స్త్రీ ఆమె. మొదటి భర్త దుర్మార్గం భరించలేక విడిచిపెట్టి, ఇంకొకర్ని పెళ్ళి చేసుకుంది. రోము చట్టం దానికి ఒప్పుకుంది, సంఘం ఒప్పుకోలేదు. రెండో భర్త పోయాక, ఒక పాస్కా పండుగ ముందు, లాతరన్ గుడి దగ్గర గోనెపట్ట కట్టుకుని, జుట్టు విరబోసుకుని, ఒంటి నిండా దుమ్ముతో పాపుల వరుసలో నిలబడింది. బిషప్పూ, గురువులూ, జనమూ ఆమెతో పాటు ఏడ్చారు. ఆమె చనిపోయాక జెరోము రాసిన ఉత్తరం వల్ల ఇదంతా మనకి తెలుసు. ఆమె చేసింది పాపమని ఒప్పుకోవడం ఈనాటి మనకి కష్టమే. కానీ ఆ తరవాత ఆమె చేసిన పని చూడండి. ఆస్తి అమ్మేసి రోములో రోగుల కోసం ఆసుపత్రి పెట్టింది. అలాంటిది అక్కడ అదే మొదటిదని జెరోము అంటాడు. అందరూ ముక్కు మూసుకునే రోగుల్ని తన భుజాల మీద మోసింది. ఒక బరువు దిగాక ఆ భుజాల మీదకి ఇంకొకటి ఎత్తుకుందన్నమాట.

అయితే ఫబియోలాలు ఎందరుంటారు? ఆ పద్ధతిలో పెద్ద చిక్కుంది. జ్ఞానస్నానం తరవాత పెద్ద పాపాలకి ఇలాంటి అవకాశం జీవితంలో ఒక్కసారే. క్షమాపణ పొందాక కూడా చాలాచోట్ల బతుకంతా ఏవో ఆంక్షలు. దాంతో జనం తెలివిగా ఆ ఒక్క అవకాశాన్నీ చావు మంచం దాకా దాచుకోవడం మొదలెట్టారు. దించుకోవలసిన బరువుని జీవితమంతా మోసి, చివరి ఊపిరిలో దించాలనుకోవడం. అంత సిగ్గు పడమంటే మనిషి చేసేది అదేగా!

పోపు మొదటి లియోకి ఈ సంగతి అర్థమైంది. ఇటలీలో కొందరు బిషప్పులు పాపాల చిట్టా రాయించి అందరి ముందూ చదివిస్తున్నారని తెలిసి, 459లో అది ఆపమని ఉత్తరం రాశాడు. సిగ్గుతో, భయంతో చాలామంది రావడమే మానేస్తారు, శత్రువులు ఆ చిట్టా పట్టుకుని కోర్టుకీడ్చవచ్చు, గురువుకి రహస్యంగా చెబితే చాలు అన్నాడు. ఆ తరవాతి శతాబ్దాల్లో ఐర్లండు సన్యాసులు ఇంకో మార్గం తెచ్చారు. ఎన్నిసార్లయినా రావచ్చు, ఒక్కరికే చెప్పుకోవచ్చు, ఏ తప్పుకి ఎన్నాళ్ళు రొట్టె, నీళ్ళతో ఉపవాసమో చెప్పే పుస్తకాలుంటాయి. పాపం చేసిన ప్రతిసారీ వచ్చి క్షమాపణ అడగడం ఏమిటని 589లో స్పెయిన్‌లో టొలేడో సభ మండిపడింది. కానీ చివరికి నెగ్గింది ఆ సన్యాసుల పద్ధతే.

1215లో పోపు మూడో ఇన్నోసెంట్ పిలిచిన నాలుగో లాతరన్ మహాసభ దీన్ని చట్టం చేసింది. దాని 21వ నియమం ప్రకారం, ఊహ తెలిసిన ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు ఏడాదికి కనీసం ఒకసారి తన ఊరి గురువుకి పాపాలన్నీ చెప్పుకోవాలి, కనీసం ఈస్టరుకి సత్ప్రసాదం తీసుకోవాలి. లేకపోతే బతికుండగా గుడి గడప తొక్కనివ్వరు, చచ్చాక క్రైస్తవ సమాధి ఉండదు. విన్నవాడికీ శిక్ష ఉంది. గురువు ఆ రహస్యం బయటపెడితే పదవి ఊడబీకి, బతుకంతా కఠినమైన మఠంలో పెట్టాలి. గురువు గాయానికి మందు వేసే వైద్యుడిలా ఉండాలన్న మాట కూడా అదే నియమంలో ఉంది.

ఇది బలవంతమే, కాదనను. భారం దించుకోమని ఆజ్ఞాపిస్తే అది దించుకోవడం ఎలా అవుతుంది? ఆ ప్రశ్న తరవాతి చరిత్రంతా వెంటాడింది. రోజూ ఎదురుపడే ఊరి గురువుకి చెప్పుకోలేక జనం తిరుగుబోతు ఫ్రాన్సిస్కన్, డొమినికన్ సన్యాసుల్ని వెతుక్కున్నారు, ఆ ఇద్దరికీ మధ్య తగువులు లేచాయి. మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు చెప్పుకుని, ఏదైనా మర్చిపోయానేమోనని మళ్ళీ వెళ్ళేవాడు. చెప్పుకోవడమే ఆయనకి మోయలేని బరువైంది. మిలాన్ ఆర్చిబిషప్పు కార్లో బొర్రొమెయో 1577లో, గురువుకీ చెప్పుకునేవాళ్ళకీ మధ్య జాలీ ఉన్న చెక్కగూడు ఎలా కట్టాలో కొలతలు రాశాడు. 1750ల పారిస్‌లో అయితే అది ఏకంగా కాగితమైపోయింది. సంఘంలోనే ఉన్న జాన్సెనిస్టు వర్గం వాళ్ళని అనుమానమొస్తే, సరైన గురువు దగ్గర చెప్పుకున్నట్టు చీటీ చూపించనిదే చావు మంచం మీద కూడా సంస్కారాలు ఇవ్వలేదు.

ఇన్ని అవకతవకలున్నా, ఆ నియమం తెలిసో తెలియకో ఒక మేలు చేసిందని నాకనిపిస్తుంది. ఫబియోలా నిలబడిన వరుస పాపుల వరుస. అందులో నిలబడ్డమంటేనే నేరం ఒప్పుకున్నట్టు. 1215 తరవాతి వరుసలో ఊరంతా ఉంది. అందరూ వెళ్ళక తప్పదు కాబట్టి, ఎవరు వెళ్ళినా ఎవరూ వింతగా చూడరు. అబద్ధమాడిన పిల్లాడి వెనక, పదేళ్ళుగా నిద్ర పట్టని మనిషి నిలబడవచ్చు. "ఇతనికేమైందో" అని ఎవరూ అనుకోరు. పండుగ వచ్చింది కాబట్టి వచ్చాడు, అంతే. మనసు విప్పి చెప్పుకోవాలనుకునేవాళ్ళకి అన్నిటికన్నా కష్టమైనది మొదటి అడుగు. ఆ అడుగుకి క్యాలెండరు ఒక సాకు ఇచ్చింది.

1973లో కొత్త క్రమం వచ్చాక ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికీ, నలుగురూ కలిసి ప్రార్థించి తరవాత ఒక్కొక్కరుగా చెప్పుకోవడానికీ వీలు కలిగింది. 1983 నాటి సంఘ చట్టంలోనూ పెద్ద పాపాలు ఏడాదికోసారి చెప్పుకోవాలనే ఉంది. అయినా ఐరోపాలో ఆ వరుస బాగా పలచబడింది. బలవంతం పోవడం మంచిదే. కానీ దానితో పాటు ఆ సాకు కూడా పోయింది. ఇప్పుడక్కడ వరుసలో నిలబడేవాడు మళ్ళీ అందరికీ కనిపిస్తాడు.

మన ఊరి గుడిలో వరుస ఇంకా ఉంది. ఈసారి పవిత్ర వారంలో అటుగా వెళ్తే ఒక్క నిమిషం చూడండి. అందులో చాలామంది పండుగ కోసం వచ్చినవాళ్ళే. ఎక్కడో ఒకరు మాత్రం ఏడాదంతా ఈ రోజు కోసమే ఎదురు చూసి ఉంటారు. ఎవరో మనం పోల్చలేం. పోల్చలేకపోవడమే మంచిది.