మంచం కోడుకు కట్టిన పిల్లలు

జగిత్యాల ఖిల్లా బురుజు మీద మా చిన్నదాని వెనక ఉరుకుతుంటే నాకు ముందు గుర్తొచ్చింది చరిత్ర కాదు, జేబులో ఉన్న బెల్టు. దానికి రెండేళ్ళ ఏడు నెలలు. నడవదు, ఉరుకుతుంది. హోలీ సెలవులకి కోరుట్ల వస్తున్నామంటే మా ఆవిడ ఆన్‌లైన్‌లో ఒక బెల్టు కొన్నది. ఒక కొస పిల్ల మణికట్టుకు, ఇంకో కొస మన మణికట్టుకు, మధ్యలో టెలిఫోన్ తీగలాగ సాగే దారం. డబ్బా మీద పాప, అమ్మ, పార్కు, పచ్చగడ్డి, అందరి మొహాల్లో నవ్వు. ఖిల్లా మెట్ల దగ్గర దాన్ని తీసి కడుతుంటే మా అమ్మ కాసేపు చూసి అన్నది: "గిది మన చీర పేలికనే గద కొడుకా. పైసలు పెట్టి కొన్నరా?"

ఈ వ్యాసం ఆ మాట దగ్గర మొదలైంది.

ముందు ఖిల్లా సంగతి. ఇది 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీం ఖాన్ కాలంలో ఫ్రెంచి ఇంజినీర్లు కట్టిన కోట. జాక్, టాల్ అనే ఇద్దరి పేర్ల మీదుగా ఊరికి జగిత్యాల అని పేరొచ్చిందని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు. నేను నమ్మను. ఫ్రెంచివాడి పేరు జాక్ ఎందుకవుతుంది, ఝాక్ అవ్వాలి కదా అని కాలేజీలో వాదించి ఎవరినీ ఒప్పించలేకపోయాను. కోట ఆకారం మాత్రం ఎవరి వాదనా అక్కరలేకుండానే చెబుతుంది. చుట్టూ కందకం, నక్షత్రంలాగ బయటికి పొడుచుకొచ్చిన కోణాలు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో వోబాఁ అనే సైనిక ఇంజినీరు ఈ పద్ధతిని శాస్త్రం చేశాడు. గుండ్రటి బురుజు కాళ్ళ దగ్గర పైనుంచి చూస్తే కనబడని జాగా ఒకటి మిగిలిపోతుంది, శత్రువు అక్కడ నక్కుతాడు. నక్షత్రం కోటలో అలాంటి మూల ఉండదు. ప్రతి గోడా పక్క గోడకి కనబడుతుంది. ఇంత లెక్కగా కట్టిన కోటలో కూడా మా పిల్ల నాకు రెండుసార్లు కనబడకుండా పోయింది.

ఇప్పుడు చీర పేలిక సంగతి. నన్ను చిన్నప్పుడు నడుముకు పాత చీర పేలిక కట్టి, రెండో కొస నులకమంచం కోడుకు ముడేసేవారు. నడక వచ్చినప్పటి నుంచి మూడేళ్ళు నిండేదాకా. మా వాడలో చాలామంది పిల్లలు అట్లనే పెరిగారు. నేను ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి, నాలుగు పుస్తకాలు చదివాక ఈ సంగతిని ఒక గాయంలాగ చెప్పడం నేర్చుకున్నాను. ఆఫీసు క్యాంటీన్‌లో చెబితే వినేవాళ్ళ మొహాలు మారిపోయేవి. ఆ మార్పు నాకు బాగుండేది. ఒకసారి ఫోన్‌లో అమ్మతోనే "పిల్లల్ని గొడ్లలెక్క కడతరా ఎవరన్నా" అన్నాను. ఆమె ఏం జవాబు చెప్పలేదు. బీడీలు లెక్క ఇచ్చే టైమైందని ఫోన్ పెట్టేసింది.

బీడీ అంటే ఏం పనో తెలియని వాళ్ళకి చెప్పాలి. తునికాకును నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి మెత్తబరచాలి. రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో ఒక్కో ఆకును కత్తిరించాలి. చాట ఒళ్ళో పెట్టుకుని, తంబాకు చిటికెడు వేసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. ఇరవై అయిదు కలిపితే కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యి లెక్కన. మా అమ్మ రోజుకి వెయ్యి చేసేది, పది గంటలు పట్టేది. నా పాత అలవాటు కొద్దీ లెక్కేశాను: బీడీకి ముప్పై ఆరు సెకన్లు, కత్తిరింపుతో సహా. వాకిట్లోకి ఉరికిన పిల్లవాడిని పట్టి తేవడానికి అయిదు నిమిషాలు పడితే ఎనిమిది బీడీలు పోయినట్టు. నేను గంటకి నాలుగుసార్లు ఉరికితే ముప్పై మూడు. అంటే కట్ట మీద ఎనిమిది. పైగా కార్ఖానాలో చాటన్ చేసేటప్పుడు బాగోలేవని కొన్ని తీసిపారేస్తారు. వాటికి కూలి రాదు, వాటికి పోయిన ఆకు లెక్క మాత్రం చేసినామె మీదే పడుతుంది. ఎండాకాలం మొదలైతే ఫ్యాన్ కూడా వేసుకోవడానికి లేదు. తంబాకు ఎగిరిపోతుంది.

వసంతం అనే మాటకి మా వైపు అర్థం ఇదే అనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో అడవిలో తునికి పొదల్ని నరికితే, ఎండలు ముదిరే వేళకి లేత ఆకు వస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ అడవుల్లో ఆ ఆకు ఉండబట్టే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల గడపల్లోకి బీడీ వచ్చింది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు పిల్లకి బీడీలు చేయ వస్తదా అని అడిగేవారు. కావ్యాల్లో మావిచిగురు తిని కోకిల కూస్తుంది. ఇక్కడ తునికి చిగురు చుట్టి ఆడవాళ్ళు దగ్గుతారు.

చట్టం లేదా అంటే ఉండేది. 1966లో పార్లమెంటు బీడీ, చుట్ట కార్మికుల చట్టం చేసింది. ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళు కూడా కార్మికులే అని అందులో స్పష్టంగా ఉండేది. యజమానులు దాని మీద కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది. పీఎఫ్ కార్డు, బోనసు, ప్రసూతి సాయం లాంటివన్నీ ఆ దారిలో వచ్చినవే. అదే చట్టంలో పిల్లల గది గురించి కూడా ఒక సెక్షన్ ఉండేది. నిర్ణీత సంఖ్యకి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట, చిన్నపిల్లల కోసం గాలీ వెలుతురూ ఉన్న గది, చూసుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి. చదివి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ సెక్షన్ వర్తించేది పని జరిగే ఆవరణకి. మా వాడలో ఆవరణే లేదు. ప్రతి ఇంట్లో ఒక చాట, ఒక ఆడమనిషి, ఒక పిల్ల. ఒక్కరు ఆ నిర్ణీత సంఖ్య అవరు. పనిని ఇంటికి పంపితే కంపెనీకి మిగిలేది గది కిరాయి ఒక్కటే కాదు, ఆయా జీతం కూడా.

అంగన్‌వాడీ అంటారా. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975లో మొదలైంది, మంచి పథకం. కానీ అందులో బడి మూడేళ్ళు నిండినవాళ్ళకి. అంతకంటే చిన్నవాళ్ళకి పౌష్టికాహారం, టీకాలు, తూకం. నడక వచ్చిన దగ్గర్నుంచి మూడేళ్ళ దాకా, అంటే మనిషి జన్మలో ఎక్కువ ఉరికే రెండేళ్ళు, చట్టానికీ పథకానికీ మధ్య సందులో పడిపోయాయి. వోబాఁ లెక్కలో కనబడని మూల అంటే ఇదే. ఆ సందులో మా అమ్మ దగ్గర ఉన్నది ఒక పాత చీర.

ఈ కట్టడం మన వెనకబాటుతనం అనుకునేవాళ్ళ కోసం ఒక చిన్న డొంకతిరుగుడు. జగిత్యాల కోటకి కొలతలు వేసిన ఇంజినీర్ల దేశంలో ఆ రోజుల్లో పసిపిల్లల్ని కాళ్ళూ చేతులూ కదలకుండా గుడ్డపట్టీలతో చుట్టేసేవారు. నడక వచ్చాక గౌను భుజాలకి పట్టీలు కుట్టి, వాటిని పట్టుకుని నడిపించేవారు. ఖిల్లా కట్టిన పదిహేనేళ్ళకి, 1762లో, రూసో తన 'ఎమీల్'లో దీని మీద విరుచుకుపడ్డాడు. పిల్లల్ని విప్పండి, పడనివ్వండి, లేవనివ్వండి అన్నాడు. పుస్తకం గొప్పది. రాసినాయన తన అయిదుగురు పిల్లల్ని పుట్టగానే అనాథాశ్రమానికి ఇచ్చేశాడు. పిల్లల స్వేచ్ఛ గురించి రాయడానికి కూడా చేతులు ఖాళీగా ఉండాలన్నమాట. ఇప్పుడు మా ఇంట్లో తిరుగుతున్న పుస్తకం ఒక అమెరికన్ రచయిత్రిది, 1991లో వచ్చింది. మొండి, పెంకి అనకండి, హుషారైన పిల్లలు అనండి అంటుంది. మంచి మాటే. కానీ అందులో చెప్పినవన్నీ చేయాలంటే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పెరడు, కొంత తీరిక కావాలి. నేను పుట్టేనాటికి మా ఇంట్లో పెద్దమనిషి ఒక్కతే.

రెండో పెద్దమనిషి షార్జాలో ఉన్నాడు.

1978 నాటి జగిత్యాల గురించి చాలామంది రాశారు. సెప్టెంబరులో జైత్రయాత్ర, దొరల మీద జీతగాళ్ళు, కూలీలు తిరగబడటం, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. కథలు, పాటలు, నివేదికలు అన్నీ ఉన్నాయి, ఉండాల్సిందే. అదే కాలంలో ఇంకో యాత్ర జరిగింది, దానికి జెండా లేదు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు లేచాయి. ఒక పక్క కరువు, ఒక పక్క అప్పు, ఇంకో పక్క పోలీసుల భయం. ఊళ్ళలో వయసు మగవాళ్ళు బొంబాయి బస్సెక్కి, అక్కణ్ణుంచి దుబాయి పోయారు. మా వైపు గల్ఫ్ మొత్తానికీ దుబాయి అనే పేరు. మస్కట్ పోయినా దుబాయే. అక్కడి చట్టం ప్రకారం జీతం ఒక స్థాయి దాటితేనే భార్యాపిల్లల్ని పిలిపించుకునే వీసా. మేస్త్రీకి, హెల్పర్‌కి ఆ స్థాయి ఎన్నడూ రాదు. కాబట్టి మా వాడలో నాన్నలు లేకపోవడం వాళ్ళ మనసుకి సంబంధించిన సంగతి కాదు, వీసా కాగితానిది.

మా బాపు వెళ్ళేనాటికి నాకు ఎనిమిది నెలలు. తిరిగి వచ్చేనాటికి మూడేళ్ళు దాటాయి. ఉత్తరాలతో పాటు క్యాసెట్లు వచ్చేవి. ఊరొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. టేపురికార్డర్‌లో వేస్తే అరగంట మాటలు. అమ్మ దాని మీదనే మా మాటలు రికార్డు చేసి, వెళ్ళేవాళ్ళతో తిప్పి పంపేది. నేను టేపురికార్డర్‌ని చూపించి బాపు అనేవాణ్ణట. ఆ క్యాసెట్లు దొరికితే ఈ వ్యాసం వేరేగా ఉండేది. కిందటి హోలీకి అటక మీద వెతికాను. ఒకటి దొరికింది, తిప్పితే సినిమా పాటలు. అమ్మకి ఆశ్చర్యమేం లేదు. ఒకటే క్యాసెట్ అటూ ఇటూ తిరిగేది కదా, ఆయన మాటల మీద మేము, మా మాటల మీద ఆయన. చరిత్రకారులు దీన్ని ఆకరాల సమస్య అంటారు.

మర్నాడు సిరిసిల్ల పోయాం, మా మేనత్త ఇంటికి. అక్కడ కథ వేరే దారిలో అదే చోటికి వస్తుంది. చేతిమగ్గం ఇంట్లోనే, గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేది. పేదరికం ఎంతున్నా నాన్న పొద్దంతా పిల్లల కళ్ళ ముందే ఉండేవాడు. ఉయ్యాల తాడు కొస మగ్గం దగ్గర ఉండేది. కండెలు చుట్టేది పిల్లలు, అందులో ముద్దు చేసేదేం లేదు, అది కూడా పనే. పవర్‌లూమ్ వచ్చాక నేసేవాడు షెడ్డుకి పోయాడు. పన్నెండు గంటల షిఫ్టు, కూలి మీటరు లెక్క. కొందరు భివండీ, కొందరు సూరత్, కొందరు షోలాపూర్. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరల ఆర్డర్లతో షెడ్లు నిండుగా నడిచాయి, ఇంట్లో కాస్త తెరిపి కనబడిందని అత్త అన్నది. షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినబడదు. మా చిన్నదానికి అది తెగ నచ్చింది. ఎంత అరిచినా ఎవరూ వద్దనలేదు మరి.

తిరుగుదారిలో వేములవాడలో కోడె మొక్కు. సంతానం కావాలని మొక్కుకున్నవాళ్ళు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి రాజన్న ముందు కట్టేస్తారు. నేను పుట్టాలని మా నాయనమ్మ మొక్కిందట. పుట్టాక నన్ను మంచం కోడుకు కట్టారు. ఈ మాట పైకి అంటే అమ్మ నవ్వుతుందో లేదో తేల్చుకోలేక అనలేదు. పిల్ల కోడె పలుపు వదలనని ఏడ్చింది, పంతులుగారు నవ్వి ఇంకో చుట్టు తిరగనిచ్చారు.

ఖిల్లా దగ్గర జరిగిన ఒక్క సంగతి మిగిలింది. బెల్టు కట్టగానే చిన్నది దాన్ని పళ్ళతో లాగి విప్పేసుకుంది. మళ్ళీ ఉరికింది. నేను లేచేలోగా బాపు లేచాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఫిరంగి దాకా దాని వెనక పోయి, రెండు చేతులా ఎత్తుకుని, రొప్పుకుంటూ వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. చాలాసేపటికి ఊపిరి తిరిగింది. అప్పుడు అమ్మ వైపు తిరిగి, నా వైపు చేయి చూపించి అడిగాడు:

"వీడు గూడ గిట్లనే ఉర్కెటోడా?"

అమ్మ పిల్ల మొహం కొంగుతో తుడుస్తూ ఉంది.

"నాకేమెరుక. నేను బీడీలు చేస్తుంటి."