తూము లేని మత్తడి

మా ఇంటి దగ్గరి ట్రామ్ స్టాప్ పేరు వెల్ స్టేషన్ డ్రైవ్. కాన్‌బెర్రా ఉత్తరాన, గుంగాలిన్ ప్రాంతంలోని హారిసన్ మాది. వచ్చిన కొత్తలో ఆ పేరు చూసి ఒకప్పుడు ఇక్కడ రైల్వే స్టేషన్ ఉండేదేమో అనుకున్నాను. కానీ ఆస్ట్రేలియాలో స్టేషన్ అంటే గొర్రెలనో పశువులనో పెంచే పెద్ద కమతం, దాని మధ్యలో యజమాని ఇల్లు. వెల్ స్టేషన్, గుంగడెర్రా అనే రెండు స్టేషన్ల పాత ఇళ్లు మా హారిసన్‌లోనే ఉన్నాయి. మందలు మేసిన నేల మీదే 2000 తర్వాత మా కాలనీ లేచింది.

ఈ దేశ చరిత్ర అనగానే అందరూ ఖైదీల ఓడలతోనో బంగారు గనులతోనో మొదలుపెడతారు. నాకైతే దాన్ని వాగుల దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది.

తెల్లవాళ్లు ఈ మైదానానికి తొలిసారి వచ్చింది 1820లో. 1825లో రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే సిడ్నీ వ్యాపారి తరఫున జేమ్స్ ఎయిన్స్‌లీ ఇక్కడికి గొర్రెల మందను తోలుకొచ్చాడు. ఇది నున్నవాల్ ప్రజల నేల. వాళ్లను అడిగినవాళ్లు లేరు, వాళ్లకు వెల కట్టి ఇచ్చినవాళ్లూ లేరు.

అప్పటి వాగులు ఇప్పటిలా ఉండేవి కావు. ఈ కొండసీమలో తిరిగిన తొలి సర్వేయర్లు వాటిని చెరువుల గొలుసు అని రాసుకున్నారు. ఆ మాట చదివినరోజు నాకు ఒళ్లు పులకరించింది. అచ్చం మన గొలుసుకట్టు చెరువులే! మనవి కాకతీయుల కాలంలో మనుషులు తట్టలతో మట్టి మోసి కట్టినవి. ఇవి ఎవరూ కట్టకుండానే ఏర్పడినవి. జమ్ము, తుంగ అల్లుకున్న ఓ మడుగు, దాని కింద పచ్చిక బయలు, మళ్లీ ఓ మడుగు. వాన నీళ్లు ఆ పచ్చికలో నానుతూ, నేలలోకి ఇంకుతూ నిదానంగా కింది మడుగుకు చేరేవి.

కంగారూ పాదం మెత్తన. ఆవుకూ గొర్రెకూ గట్టి గిట్టలు. గిట్టల కింద నేల బిగుసుకుపోయింది. దాహమేస్తే మంద మొత్తం మడుగు మీదే పడేది, ఒడ్డున జమ్మునంతా మేసి తొక్కేసేది. గడ్డి వేళ్లు వదిలిన చోట నీళ్లు నేలను కోశాయి. ఒక మడుగుకు గండి పడిందంటే ఆ కోత పైకి పాకి, దాని పై మడుగునూ ఖాళీ చేసేది. కొన్ని దశాబ్దాల్లోనే చాలా వాగులు లోతైన కాలువలైపోయాయి. వాగు అడుగుకు దిగితే పక్క చేలలో భూగర్భ జలమూ దిగింది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదాకు విక్టోరియాలో వదిలిన కుందేళ్లు లెక్కకు మిక్కిలిగా పెరిగి, మిగిలిన గడ్డినీ మొదలంటా కొరికేశాయి. మా నగరం గుండా పోయే సల్లివాన్స్ క్రీక్ ఇప్పుడు చాలా దూరం కాంక్రీటు కాలువే. దాని పక్కన నడిచినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇక్కణ్నుంచి తూర్పుగా, బంగెన్‌డోర్ దాటాక ములూన్ క్రీక్ వస్తుంది. అక్కడ పశువుల కమతం నడిపిన టోనీ కూట్, పీటర్ ఆండ్రూస్ అనే రైతు సలహాతో 2006లో వాగుకు మళ్లీ గొలుసు కట్టడం మొదలుపెట్టాడు. రైతులను పిలిచి చూపించే రోజున నేనూ వెళ్లాను. వాగుకు అడ్డంగా బండరాళ్లు, చెట్టు మొద్దులు పేర్చారు. నడుమెత్తు కూడా లేదు, సిమెంటు జాడే లేదు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అవి కారాలనే అలా కట్టారట. పైన నీటి మట్టం లేచి రెండు ఒడ్ల నేలలోకి ఇంకుతుంది, కిందికి పోయేది పోతూనే ఉంటుంది. కొద్ది దూరంలో ఇంకో అడ్డు, ఆ కింద మరోటి. మధ్యలో జమ్ము మనిషెత్తు లేచింది. మందను వాగులోకి దిగనివ్వకుండా కంచె వేసి, నీళ్లు పైపుల్లో తొట్లకు తెచ్చారు. ఒక మడిలో కొన్నాళ్లు మేపి ఇంకో మడికి తోలతారు, గడ్డి కోలుకునేదాకా అటు రానివ్వరు.

పైవాడు నీళ్లాపితే కిందివాడి గతేమిటన్న తగవు మన ఊళ్లలో లాగే ఇక్కడా పుడుతుంది. అందుకే ఒక్క కమతంతో ఆగకుండా, 23 వేల హెక్టార్ల పరీవాహక ప్రాంతంలో 20కి పైగా భూముల యజమానులను కలుపుకున్నారు. ఈ దేశంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన పని ఇదే. కూట్ 2018లో పోయాడు, పని ఆగలేదు.

ఆ సాయంత్రం జనగామ దగ్గరి మా ఊళ్లో ఉన్న నాయినకు వీడియో పంపాను. చూసి వెంటనే ఫోన్ చేశాడు.

"మత్తడి మంచిగనే ఉన్నది బిడ్డా. తూమేది?"

"తూము లేదు నాయినా. పొలాలకు పారించనీకి కాదు, భూమికి తాపనీకి."

కాసేపు మాట్లాడలేదు. "మా చిన్నప్పుడు చెరువు నిండిందంటే కింద బాయిలన్నీ పైకి వచ్చేటివి. చేదబొక్కెన అక్కర్లేకుండ చెంబుతోనే ముంచుకునేటోళ్లం" అన్నాడు.