నాలుగు గ్రాముల లెక్క

చదరపు మీటరుకు నాలుగు గ్రాములు, నాలుగు రోజులు. ఈ మాట ఒకసారి పైకి చదివి చూడండి. నాలుగు రోజులకూ కలిపి నాలుగు గ్రాములా? రోజుకు నాలుగేసి గ్రాముల చొప్పున నాలుగు రోజులా? రెండు రకాలుగానూ చదువుకోవచ్చు. ఒక రకంగా చదివితే మనిషి బతుకుతుంది.

బెట్సీ లేమన్‌కు అప్పుడు 39 ఏళ్లు. ఇద్దరు ఆడపిల్లల తల్లి. బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్యం మీద కాలమ్ రాసేది. డాక్టర్ని ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియని వాళ్లకు తెలియజెప్పడమే ఆమె పని. రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు, తన ఊళ్లోనే ఉన్న, దేశమంతా పేరున్న డానా-ఫార్బర్ క్యాన్సర్ ఆస్పత్రిలో చేరింది. భర్త అక్కడే శాస్త్రవేత్త. అంతకన్నా భరోసా ఇంకెక్కడ దొరుకుతుంది?

1994 నవంబరులో, ఒక ప్రయోగాత్మక చికిత్సలో భాగంగా, ఆమెకు పెద్ద మోతాదులో సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించాలి. ఎత్తునూ బరువునూ బట్టి ఒంటి వైశాల్యం లెక్కగట్టి, చదరపు మీటరుకు రోజుకు ఒక గ్రాము చొప్పున నాలుగు రోజులు. చికిత్స పత్రంలో నాలుగు రోజుల మొత్తం ఉంది. శిక్షణలో ఉన్న డాక్టరు దాన్ని ఒక్కరోజు మోతాదు అనుకుని రాశారు. ఆ ఆర్డరు ఫార్మసీకి వెళ్లింది, మందు తయారైంది, నర్సుల చేతికొచ్చింది. ఎవరూ ఆపలేదు. అలా నాలుగు రోజులూ, రోజూ నాలుగింతలు.

డాక్టర్ల రాత మెడికల్ షాపు వాళ్లకే అర్థమవుతుందని మన దగ్గర అంటుంటాం. ఇక్కడ చిక్కు చేతిరాతతో రాలేదు, లెక్క రాసిన తీరుతో వచ్చింది. రోజుకు ఎంతో విడిగా, మొత్తం ఎంతో విడిగా రాసి ఉంటే, ఆ రెండో అంకె చూసి ఎవరో ఒకరు ఉలిక్కిపడేవారు. ఆ తర్వాత ఆ ఆస్పత్రి కంప్యూటర్లలో హద్దు పెట్టారు. మోతాదు గీత దాటితే ఆర్డరు ముందుకు కదలదు.

బెట్సీ ఒళ్లు వాచింది. ఆగని వాంతులు, వాటిలో లోపలి పొర ముక్కలు పడుతున్నాయని ఇంటివాళ్లు చూపించారు. ఇంత తీవ్రమైన చికిత్సలో ఇవి మామూలేనన్నారు డాక్టర్లు. ఈసీజీలో తేడా వచ్చింది. ఈ మందు మోతాదు మించితే గుండె కండరాన్ని తినేస్తుంది. అయినా ఆ తేడానూ ఆ మందునూ కలిపి చూసినవాళ్లు లేరు.

డిసెంబరు 3. ఇంటికి పంపిస్తామన్న రోజు. ఆ ఉదయం ఆమె స్నేహితురాలికి ఫోన్ చేసింది. అవతల ఎవరూ ఎత్తకపోతే, చాలా భయంగా ఉందనీ, ఏదో తేడా జరుగుతోందనీ ఆన్సరింగ్ మెషీన్‌లో చెప్పి పెట్టింది. ఆవేళే ఆమె గుండె ఆగిపోయింది. శవపరీక్షలో, కంటికి కనిపించేంత క్యాన్సర్ ఒంట్లో ఎక్కడా లేదు.

ఎందుకు పోయిందో అప్పటికీ తెలియలేదు. 1995 ఫిబ్రవరిలో, ప్రయోగం వివరాలు నమోదు చేస్తున్న ఒక గుమాస్తా కంటికి ఆ అంకె ఆనింది. అంతమంది చేతులు దాటిపోయిన తప్పు, రోగి ముఖం చూడవలసిన పనిలేని ఉద్యోగికి దొరికింది. అదే చికిత్సలో మరో మహిళకూ అలాగే నాలుగింతలు ఎక్కించారని బయటపడింది. ఆమె అప్పటికి బతికింది గానీ గుండె చెడిపోయింది.

1999లో అమెరికా వైద్య సంస్థ ఆస్పత్రుల్లో జరిగే తప్పుల మీద ఇచ్చిన నివేదిక బెట్సీ పేరుతోనే మొదలవుతుంది. మసాచుసెట్స్ రాష్ట్రం రోగుల భద్రత కోసం పెట్టిన కేంద్రానికి ఆమె పేరే పెట్టారు.

ఆ తప్పు సంగతి లోకానికి తెలిసింది 1995 మార్చిలో. ఆ వార్త రాసింది గ్లోబ్ పత్రికలో ఆమెతో కలిసి పనిచేసిన వాళ్లే.