పాటలో ఐదుగురి వాటా

1995 మార్చిలో ఇంగ్లండ్‌లో ఐదుగురు అమ్మాయిలు తమను చేరదీసి, ఇల్లు చూపించి, పాట నేర్పించిన మేనేజర్లను వదిలి బయటికొచ్చారు. వస్తూ వస్తూ అప్పటిదాకా పాడిన పాటల మాస్టర్ రికార్డింగులు వెంట తెచ్చుకున్నారు. అప్పటికి వాళ్ల పాట ఒక్కటీ విడుదల కాలేదు. వెనక ఏ రికార్డు కంపెనీ లేదు. మేనేజర్లు పెట్టిన ఒప్పందం మీద మాత్రం నెలల తరబడి సంతకం చేయకుండా నెట్టుకొచ్చారు. స్పైస్ గర్ల్స్ చరిత్ర నాకు ఇక్కడే మొదలవుతుంది. తర్వాత వచ్చిన బొమ్మలు, చాక్లెట్లు, కూల్‌డ్రింక్ ప్రకటనలు చూసి వీళ్లను ఎవరో తయారుచేసి అమ్మిన సరుకనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. చిన్నప్పటి నుంచీ ఆ పాటలు వింటున్న నాకు ఆ మాట ఎప్పుడూ ఒప్పుదల కాలేదు.

తయారీ ప్రయత్నం జరిగిన మాట నిజమే. 1994లో బాబ్ హెర్బర్ట్, ఆయన కొడుకు క్రిస్ హెర్బర్ట్ కలిసి 'ది స్టేజ్' అనే నాటకరంగ పత్రికలో ప్రకటన ఇచ్చారు. పాడటం, ఆడటం వచ్చిన అమ్మాయిలు కావాలన్నారు. సుమారు 400 మంది వచ్చారు. అప్పటి బ్రిటిష్ పాప్ వ్యాపారంలో ఒక గట్టి నమ్మకం ఉండేది. రికార్డులు కొనేది అమ్మాయిలు, వాళ్లు కొనేది అబ్బాయిల బృందాల పాటలు, కాబట్టి అమ్మాయిల బృందం మీద డబ్బు పెట్టడం దండగ అని. టేక్ దట్ లాంటి బృందాలు ఏలుతున్న కాలమది. హెర్బర్ట్‌లు ఆ నమ్మకాన్ని పక్కనబెట్టి, లీడ్స్ నుంచి మెలనీ బ్రౌన్‌ను (మెల్ బి), మెర్సీసైడ్ వైపు నుంచి మెలనీ చిషోమ్‌ను (మెల్ సి), వాట్‌ఫర్డ్ నుంచి జెరీ హాలివెల్‌ను, హార్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి విక్టోరియా ఆడమ్స్‌ను తీసుకున్నారు. ఐదో అమ్మాయి మధ్యలో వెళ్లిపోతే ఉత్తర లండన్ నుంచి ఎమ్మా బంటన్ వచ్చింది. మెయిడెన్‌హెడ్‌లో ఒకే ఇంట్లో పెట్టి వాళ్లకు శిక్షణ ఇచ్చారు. అప్పట్లో బృందం పేరు 'టచ్'.

తొలి రోజుల్లోనే ఐదుగురూ ఒక మాట అనుకున్నారు. పాట ఎవరు ఎంత రాసినా రచయితల పేర్లలో ఐదుగురూ ఉండాలి, డబ్బు ఐదు సమాన వాటాలు కావాలి. ఒకరి గొంతు గొప్పది, ఇంకొకరిది అంతంత మాత్రం. ఒకరికి వరసకట్టడం వచ్చు, ఇంకొకరికి మాట విసరడం వచ్చు. అయినా వాటా ఒకటే. ఈ ఒప్పందం వాళ్ల పాటల నిర్మాణంలోకే వచ్చి చేరిందని నా నమ్మకం.

తెలుగు సినిమా పాట వింటూ పెరిగిన చెవికి ఇది బొత్తిగా కొత్త. మనకు పాటంటే బాలు, చిత్ర. ఒక గొంతు, లేదా రెండు. మిగతావాళ్లు కోరస్, వాళ్ల పేర్లు క్యాసెట్ కవర్ మీద కూడా ఉండవు. 1997 ప్రాంతాల్లో కేబుల్‌లో, ఛానల్ వీలోనూ ఎంటీవీలోనూ ఈ ఐదుగురు కనబడ్డప్పుడు నన్ను పట్టింది బట్టలూ కాదు, డాన్సూ కాదు. ఒకే పాటలో ఒక్కో ముక్క ఒక్కొక్కరు అందుకోవడం. బతుకమ్మ చుట్టూ ఒకావిడ ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నట్టే ఉండేది. పట్టుగా పైకి లేచేది మెల్ సి గొంతు, మెత్తగా జారేది ఎమ్మాది, గరగరలాడేది మెల్ బిది. జెరీ సగం పాడుతుంది, సగం మాట్లాడుతుంది. విక్టోరియాది సన్నని గొంతు, తక్కువగా వినిపిస్తుంది. ఇంగ్లిష్ పాట మాటలు సగం అర్థం కాని వయసులో కూడా ఎవరి వంతు ఎప్పుడొస్తుందో మాకు కంఠతా వచ్చేది.

'వన్నాబీ' గురించి చెప్పకుండా ముందుకు వెళ్లడానికి లేదు. లండన్‌లోని స్ట్రాంగ్‌రూమ్ స్టూడియోలో పాటల రచయితలు రిచర్డ్ స్టానర్డ్, మ్యాట్ రోలతో కలిసి గంటలోపే దాన్ని కట్టేశారు. పాట మొదట్లో వినిపించే అడుగుల చప్పుడు మైకు దగ్గరికి పరిగెత్తుతున్న మెల్ బిది. ఆ పూట విక్టోరియా అక్కడ లేదు, ఫోన్‌లో అందుబాటులో ఉంది. అందుకే ఆ పాటలో ఆమెకు సొంతంగా ఒక్క ముక్కా లేదు. వాటా మాత్రం ఉంది! 1995 సెప్టెంబరులో వర్జిన్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరాక మొదటి పాటగా ఏది రావాలన్న దాని మీద పెద్ద వాదన జరిగింది. కంపెనీ పెద్దలు నునుపైన వేరే పాటలవైపు మొగ్గారు. కొత్త మేనేజర్ సైమన్ ఫుల్లర్‌కూ 'వన్నాబీ' మీద గురి లేదు. మెల్ బి, జెరీ పట్టిన పట్టు వదల్లేదు. వీడియోను లండన్ సెయింట్ పాంక్రస్‌లోని పాత మిడ్‌ల్యాండ్ గ్రాండ్ హోటల్ భవనంలో, చలి రాత్రి, కత్తెర పెట్టకుండా ఒకే షాట్‌లా తీశారు. చీకటిగా ఉందని కంపెనీకి అదీ నచ్చలేదు. 1996 జులైలో విడుదలైన ఆ పాట బ్రిటన్‌లో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1997 ఫిబ్రవరిలో అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. మొత్తం 37 దేశాల్లో అదే వరస. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మాంచెస్టర్‌లోని ఒక మ్యూజియం కలిసి జరిపిన ప్రయోగంలో జనం అన్నిటికన్నా త్వరగా గుర్తుపట్టిన పాట ఇదే. సగటున 2.29 సెకన్లు పట్టింది.

అయినా నాకు ఇష్టమైన పాటల్లో 'వన్నాబీ'ది మొదటి స్థానం కాదు. అది తలుపు బద్దలు కొట్టే పాట. లోపలికి అడుగుపెట్టాక వినాల్సింది 'సే యూ విల్ బీ దేర్'. మేనేజర్లను వదిలి వచ్చిన వెంటనే మెల్ బి, జెరీ షెఫీల్డ్ వెళ్లి, అంతకుముందు తమతో పనిచేయాల్సి ఉన్న పాటల రచయిత ఎలియట్ కెన్నెడీని వెతికి పట్టుకున్నారు. బృందానికి దిక్కూ మొక్కూ లేని ఆ రోజుల్లో ఆయనతో కూర్చుని రాసిన పాట ఇది. నమ్మకం మీద నిలబడే స్నేహం కావాలని అడిగే పాట అలాంటి రోజుల్లో పుట్టడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. సంగీతం చూస్తే వింత కలయిక. అమెరికా పశ్చిమ తీరపు హిప్‌హాప్‌లో వినిపించే సన్నని సింథ్ ఈల ఒకవైపు, మధ్యలో మౌత్ ఆర్గాన్ ఒకవైపు. ఆ మౌత్ ఆర్గాన్ వాయించింది జడ్ ల్యాండర్. కల్చర్ క్లబ్ బృందం పాట 'కర్మ కమీలియన్'లో వినిపించేదీ ఆయన వాయిద్యమే. చివర్లో మిగతా నలుగురూ పల్లవి పట్టుకుని నిలబడితే మెల్ సి వాళ్ల మీదుగా పైకి పైకి వెళ్లిపోతుంది. ఆమె అంత ఎత్తుకు వెళ్లగలగడానికి కింద ఆ నలుగురూ కదలకుండా ఉండటమే కారణం. ఈ పాట తర్వాత వాళ్ల గొంతుల గురించి చులకనగా మాట్లాడేవాళ్లతో నేను వాదన మానేశాను. పాట పెట్టి వినిపిస్తాను.

1996 క్రిస్మస్‌కు మొదటి స్థానంలో నిలిచిన 'టూ బికమ్ వన్' అందమైన పాట. పడకగదిలో జాగ్రత్త గురించి పాప్ పాటలో సూటిగా చెప్పడం అప్పట్లో ధైర్యమే. వీడియోలో కనిపించే న్యూయార్క్ లండన్ స్టూడియోలో తెర ముందు పుట్టింది. తర్వాతి మార్చిలో 'మామా' వచ్చింది, దాంతోపాటే 'హూ డూ యూ థింక్ యూ ఆర్'. తల్లితో పడని రోజుల్లో మెల్ బికి వచ్చిన ఆలోచన 'మామా'. వీడియోలో ఐదుగురి అసలు తల్లులే కూర్చుని ఉంటారు. తల్లి పాటలకు మన దగ్గర కొదవ లేదు గానీ, అమ్మను విసుక్కున్న కూతురు తర్వాత తెలుసుకుని చెప్పే మాట ఎంత అరుదో ఆలోచించండి. మొదటి నాలుగు సింగిల్స్‌తోనూ బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకున్న తొలి బృందం వీళ్లే. తర్వాత ఆ లెక్క ఆరుకు చేరింది.

ఆ వరస తెంపిన పాటంటేనే నాకు ప్రాణం. 'స్టాప్' 1998 మార్చిలో విడుదలై రెండో స్థానం దగ్గరే ఆగింది. పైన కూర్చున్నది రన్ డీఎంసీ పాటకు జేసన్ నెవిన్స్ చేసిన రీమిక్స్. అంతకు కొన్ని నెలల ముందు, 1997 నవంబరులో, ఐదుగురూ సైమన్ ఫుల్లర్‌నూ పంపించేసి తమ వ్యవహారాలు తామే చూసుకోవడం మొదలుపెట్టారు. పత్రికలు ఇక వీళ్ల పని అయిపోయిందని రాశాయి. 'స్టాప్' రెండో స్థానంలో ఆగడాన్ని దానికి రుజువుగా చూపించాయి. వినే చెవికి మాత్రం ఇది వాళ్ల అత్యుత్తమ పనితనం. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ అమ్మాయిల బృందాలకు కట్టిన పాటల పద్ధతి, ఆ బ్రాస్ వాయిద్యాలు, గుర్రపు నడక లాంటి ఆ తాళం అన్నీ తెచ్చుకుని తమ సొంతం చేసుకున్నారు. వెంటపడే అబ్బాయిని కాస్త ఆగమంటుంది ఈ పాట. తొందర వద్దు, మనిషిని తెలుసుకో అంటుంది. ఐర్లండ్‌లో తీసిన వీడియోలో ఇరుకు వీధి, బారుగా ఇళ్లు, ఆడుకునే పిల్లలు, మధ్యలో ఐదుగురూ చేతులతో చేసే ఆ అభినయం. మా వయసు ఆడపిల్లలు ఆ చేతుల డాన్సు నేర్చుకోవడానికి టీవీకి అతుక్కుపోయేవాళ్లు. డాన్సు రానివాళ్లు కూడా చేయగలిగేలా దాన్ని కూర్చారు. బృందం జనంలోకి అంత లోతుగా వెళ్లడానికి అలాంటి తెలివైన పనులే కారణం.

1998 మే 31న జెరీ వెళ్లిపోయినట్టు ప్రకటన వచ్చింది. జులైలో 'వివా ఫరెవర్' విడుదలైంది. గడిచిపోయిన ఎండాకాలపు ప్రేమ గురించి ఎప్పుడో రాసుకున్న పాట అది. స్పానిష్ గిటారు, వెనక నెమ్మదిగా లేచే తీగ వాయిద్యాలు. వీడియోలో ఐదుగురూ బొమ్మల రూపంలో, రెక్కలున్న చిన్నచిన్న దేవతల్లా ఉంటారు. వాలెస్ అండ్ గ్రోమిట్ చిత్రాలకు పనిచేసిన స్టీవ్ బాక్స్ దాన్ని స్టాప్ మోషన్‌లో తీశాడు. జెరీ ఉన్నప్పుడు రికార్డయిన పాట కాబట్టి ఆమె గొంతు అందులో ఉంది, బొమ్మ కూడా ఉంది. ఐదుగురూ కలిసి ఉన్న సింగిల్ మళ్లీ రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1998 క్రిస్మస్‌కు నలుగురూ పాడిన 'గుడ్‌బై' మొదటి స్థానం అందుకుంది. వరసగా మూడు క్రిస్మస్‌లు అలా నిలవడం అంతకుముందు బీటిల్స్‌కే సాధ్యమైంది. అమెరికా పర్యటనలో ఉండగా నాష్‌విల్‌లో రికార్డు చేసిన పాట. పాటగా 'వివా ఫరెవర్' అంత బిగువుగా ఉండదు. అయినా వింటున్నప్పుడు ఒక వంతు ఖాళీగా ఉన్న సంగతి చెవికి తెలుస్తూనే ఉంటుంది. నాకు దాని విలువ అంతా అందులోనే ఉంది.

2000లో వచ్చిన మూడో ఆల్బమ్ 'ఫరెవర్' గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అమెరికన్ నిర్మాత రాడ్నీ జెర్కిన్స్ చేతిలో 'హాలర్' లాంటి పాటలు శుభ్రంగా తయారయ్యాయి, మొదటి స్థానమూ వచ్చింది. కానీ ఏది ఎవరి గొంతో ప్రయత్నపూర్వకంగా వెతకాల్సి వస్తుంది. నలుగురి మధ్య తేడాలన్నీ ఇస్త్రీ చేసినట్టు సాపైపోయాయి. ఆ తర్వాత ఎవరి దారి వారిది. 2007లో ఐదుగురూ మళ్లీ కలిసి పర్యటించారు, 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో పాడారు. 2019లో విక్టోరియా లేకుండా నలుగురూ స్టేడియాలు నింపారు.

మన దేశంలోనూ ఇలాంటి బృందం జాడ ఉంది. 2002లో ఛానల్ వీ 'పాప్‌స్టార్స్' పోటీ పెట్టి ఐదుగురు అమ్మాయిలను ఎంచి 'వివా' బృందాన్ని కట్టింది. అందులో ఒకరైన నేహా భసీన్ తర్వాత దేవిశ్రీ ప్రసాద్ సంగీతంలో తెలుగులో పాడింది. 'కరెంట్'లో 'అటు నువ్వే ఇటు నువ్వే', 'ఊసరవెల్లి'లో 'నిహారిక'. ఆ రెండూ మన ఎఫ్ఎంలలో ఎన్నేళ్లు మోగాయో అందరికీ తెలుసు. కానీ 'వివా' రెండు ఆల్బమ్‌లకే ఆగిపోయింది. సినిమా పాటే సర్వస్వమైన దేశంలో బృందంగా నిలబడే చోటు ఆ అమ్మాయిలకు దొరకలేదు. నేహాలాంటి గాయని పేరు నిలవాలంటే సినిమాలోకే రావాల్సి వచ్చింది. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. ఐదు గొంతులు పంచుకునే పాట మన దగ్గరా పాతుకోగలిగేది, ఇంకొన్నేళ్లు ఓపిక పట్టి ఉంటే.

స్పైస్ గర్ల్స్ పాటలు ఇప్పుడు కొత్తగా వినాలనుకునేవారు సింగిల్స్‌తో ఆగిపోవద్దు. మొదటి ఆల్బమ్ 'స్పైస్' ప్రపంచమంతటా 2 కోట్లకు పైగా అమ్ముడైంది, రెండోది 'స్పైస్‌వరల్డ్'. ఈ రెండింటినీ వరసగా, ఒక్కో ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా వినాలి. రెండోదాంట్లో 'నెవర్ గివ్ అప్ ఆన్ ద గుడ్ టైమ్స్' అనే డిస్కో పాట సింగిల్‌గా రావాల్సింది, రాలేదు. చివరి పాట 'ది లేడీ ఈజ్ ఎ వ్యాంప్' పాతకాలపు జాజ్ బాణీలో ఉంటుంది. ఐదుగురూ వేదిక మీద తమను తామే పరిచయం చేసుకుంటున్నంత హుషారు అందులో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏ ముక్క ఎవరిదో పట్టుకుంటూ వినండి.