పేరు పెట్టకముందే తీసిన చుక్క

మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో నెత్తురంతా కలిపినా పావు లీటరు. రక్తపరీక్షకని మన దగ్గర తీసే అయిదు మిల్లీలీటర్లు మనకు లెక్కలోకి రావు గానీ, ఆ బిడ్డకు అది యాభయ్యో వంతు. పిల్లల ఆసుపత్రిలో బయోకెమిస్ట్రీ ల్యాబ్ నడిపేవాళ్ళకు రోజూ ఉండే మొదటి చిక్కు ఇదే: తక్కువ తీసుకుని ఎక్కువ చెప్పాలి.

చెప్పేటప్పుడూ జాగ్రత్తే. ఎముకలు ఎదుగుతున్న పిల్లల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెద్దవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఉండడం మామూలు. పెద్దల పట్టిక పక్కన పెట్టి చూస్తే, నిక్షేపంలా ఉన్న పిల్లవాడికి లివర్ జబ్బు అంటగడతాం. మడమను గట్టిగా పిండి నెత్తురు తీస్తే ఎర్రకణాలు పగిలి పొటాషియం లేనిపోని అంకె చూపిస్తుంది. అమోనియా శాంపిల్‌ను ఐస్‌లో పెట్టి పరుగున తేకపోతే ట్యూబులోనే పెరిగిపోతుంది. ఇవన్నీ తెలిసి, రిపోర్ట్ మీద సంతకం పెట్టేముందు "ఇది నిజంగా బిడ్డ ఒంట్లో ఉన్నదేనా?" అని ఒక్క క్షణం ఆగే మనిషి సీనియర్ బయోకెమిస్ట్. వార్డులో తల్లిదండ్రులకు ఆ మనిషి ఎప్పుడూ కనిపించడు, కనిపించదు. దండం డాక్టరుగారికే.

ఆ కనిపించని మనుషులు కట్టిన కథ నార్వేలో మొదలవుతుంది. 1934లో బోర్గ్‌నీ ఎగెలాండ్ అనే తల్లి తన ఇద్దరు పిల్లలు లివ్, డాగ్‌లను ఆస్బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరికి తెచ్చింది. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు, మూత్రానికి ఏదో ముక్క వాసన. చూడని డాక్టరు లేడు. ఫోలింగ్ వైద్యుడే గాక రసాయనశాస్త్రం బాగా తెలిసినవాడు. మూత్రంలో ఫెరిక్ క్లోరైడ్ వేశాడు. కీటోన్లుంటే ఎర్రగా మారాల్సింది ఆకుపచ్చగా మారింది. అదేమిటో తేల్చడానికి లీటర్ల కొద్దీ మూత్రం తెప్పించుకుని శుద్ధిచేసి, చివరికి ఫినైల్ పైరువిక్ ఆమ్లం అని పట్టుకున్నాడు. మనం తినే మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్‌ను ఆ పిల్లల శరీరం వాడుకోలేకపోతోంది, మిగిలిపోయింది మెదడుకు విషమవుతోంది. తర్వాత దీనికి పీకేయూ అని పేరు స్థిరపడింది. జబ్బు తెలిసింది, మందు లేదు. లివ్‌కూ డాగ్‌కూ ఆ తెలివిడి ఏ మేలూ చేయలేదు.

మందు కథకు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ బయోకెమిస్ట్రీ ల్యాబ్ పెద్ద ఎవిలిన్ హిక్‌మన్స్. రిటైరయ్యే వయసుకు వచ్చిన మనిషి. జర్మనీ నుంచి వచ్చిన యువ డాక్టర్ హార్‌స్ట్ బికెల్, పిల్లల వైద్యుడు జాన్ జెరార్డ్ ఆమెతో కలిసి పనిచేసేవారు. షీలా అనే పదిహేడు నెలల పాపకు పీకేయూ ఉందని తేలింది. కూర్చోదు, నిలబడదు, ఎవరినీ చూడదు, ఏడుస్తూ తల బాదుకుంటూ ఉంటుంది. "లేదమ్మా, మందు లేదు" అని చెప్పి పంపేస్తే తల్లి ఒప్పుకోలేదు. పొద్దున్నే ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడి, ఇవాళేమైనా దొరికిందా అని అడిగేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. ఆ ముగ్గురి శాస్త్రజ్ఞానానికి ఎంత గౌరవమిస్తామో ఈ తల్లి మొండితనానికీ అంతే ఇవ్వాలంటాను.

లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి బయోకెమిస్ట్ లూయిస్ వుల్ఫ్ దగ్గర ఒక ఆలోచన ఉంది. పాలలోని కేసిన్‌ను ఆమ్లంతో విడగొట్టి, యాక్టివేటెడ్ బొగ్గు గుండా వడపోస్తే ఫినైల్‌అలనిన్ బొగ్గుకు అంటుకుని ఆగిపోతుంది. దాంతోపాటు పోకూడనివి కూడా పోతాయి, టైరోసిన్, ట్రిప్టోఫాన్ లాంటివి. వాటిని మళ్ళీ కలపాలి. హిక్‌మన్స్ ల్యాబ్ చల్లగదిలో ఈ వడపోత సాగింది. 1951లో షీలాకు ఆ తిండి మొదలుపెట్టారు. తీరా మొదలుపెట్టాక పాప బరువు తగ్గసాగింది. ఫినైల్‌అలనిన్ బొత్తిగా లేకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. కొంచెం పాలు చేర్చి, ఎంత చేరిస్తే సరిపోతుందో పరీక్షలు చేస్తూ తూకం పట్టారు. ఆ తూకం ల్యాబ్‌లోనే తేలాలి, మంచం పక్కన నిలబడి చూస్తే తెలిసేది కాదు.

కొన్ని నెలల్లో షీలా పాకింది, నిలబడింది, తల బాదుకోవడం మానింది, జుట్టు నల్లబడింది. ఇది తిండి వల్లనేనా? నమ్మని పెద్దలు చాలామంది. అందుకని తల్లికి చెప్పకుండా ఆ తిండిలో ఫినైల్‌అలనిన్ కలిపారు. ఆరు గంటల్లో పాప మళ్ళీ ఏడుపు, తల బాదుకోవడం. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఇలాంటి పనికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కానీ లోకం నమ్మింది దాన్ని చూసే. 1953లో లాన్సెట్ పత్రికలో ముగ్గురి పేర్లతో అది అచ్చయింది. షీలాకు మాత్రం పూర్తిగా నయం కాలేదు. మొదలుపెట్టేసరికే మెదడుకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది. పుట్టిన కొన్ని వారాల్లోనే తెలిసి ఉండాల్సింది.

ఆ వారాల్లో ఎలా తెలుస్తుంది? జవాబు అమెరికాలోని బఫెలోలో రాబర్ట్ గత్రీ దగ్గర దొరికింది. ఆయన సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. సొంత కొడుకు మానసిక ఎదుగుదల లేనివాడు, మరదలి కూతురికి పీకేయూ. అగార్ పళ్ళెంలో బాసిల్లస్ సబ్‌టిలిస్ బాక్టీరియా చల్లి, అది పెరగకుండా ఒక నిరోధకం కలిపాడు. రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువుంటే ఆ నిరోధకం ఓడిపోతుంది, రక్తం ఇంకిన కాగితపు బిళ్ళ చుట్టూ బాక్టీరియా గుండ్రంగా పెరుగుతుంది. కొలిచే యంత్రమేదీ అక్కర్లేదు, కంటితో చూస్తే చాలు. ఇది తెలివైన పనే. అంతకంటే తెలివైనది ఇంకొకటి చేశాడు. బిడ్డ మడమ గుచ్చి వచ్చిన చుక్కను వడపోత కాగితం మీద అద్ది, ఆరబెట్టి, కవర్లో పెట్టి పోస్టులో పంపమన్నాడు. బిడ్డ ల్యాబ్‌కు రానక్కర్లేదు, ఐస్ పెట్టె అక్కర్లేదు. 1960ల మొదట్లో అమెరికాలోని 29 రాష్ట్రాల్లో నాలుగు లక్షల మంది పసివాళ్ళ కాగితాలు చూస్తే 39 మందికి పీకేయూ దొరికింది. పదేళ్ళకు కెనడాలోని క్యుబెక్‌లో జాన్ దుస్సో అదే కాగితం చుక్కలో థైరాయిడ్ హార్మోన్ కొలిచి చూపించాడు. మన కథకు పీకేయూ కంటే ఇదే ముఖ్యం. ఎందుకో ముందు తెలుస్తుంది.

ఆ కాగితం దక్షిణాదికి 1980ల్లో వచ్చింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో బయోకెమిస్ట్ ఎన్. అప్పాజీరావు, ఎ. రాధారమాదేవి, బ్రిటన్‌కు చెందిన ఎ.హెచ్. బిటిల్స్ తదితరులు కర్ణాటకలో లక్షకు పైగా పసివాళ్ళ రక్తపు చుక్కల్లో అమైనో ఆమ్లాలు చూశారు. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఉన్న ప్రాంతం కాబట్టి తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మన పెళ్ళిపందిట్లో చుట్టరికాలు కలుపుకుని మురిసిపోయే సంగతి ల్యాబ్‌లో క్రోమటోగ్రఫీ పలక మీద మచ్చగా కనిపిస్తుందన్నమాట.

రాధారమాదేవి తర్వాత హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీకి వచ్చారు. నగరంలో నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పసివాళ్ళ చుక్కలు పుట్టిన 24 గంటల తర్వాత తీయించి, ఎస్.ఎం. నౌషాద్‌తో కలిసి పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. పాశ్చాత్య దేశాల్లో ఈ కథకు నాయకత్వం వహించిన పీకేయూకు ఇక్కడ ముందువరస దక్కలేదు. ముందు నిలిచింది పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం, 1,700 మందిలో ఒకరికి. తర్వాత అడ్రినల్ గ్రంథి లోపం, 2,575 మందిలో ఒకరికి. ఆ తర్వాత ఐసీఎంఆర్ హైదరాబాద్ సహా అయిదు నగరాల్లో లక్ష మందికి పైగా పసివాళ్ళను చూసినప్పుడు థైరాయిడ్ లోపం మొత్తం మీద 1,172 మందిలో ఒకరికి తేలింది, దక్షిణాదిలో 727 మందిలో ఒకరికి. మన గడ్డకు ఏ జబ్బు ముందు చూడాలో బయటి పుస్తకం చెప్పలేదు, ఇక్కడి ల్యాబ్‌లే లెక్కగట్టి చెప్పాయి.

పైగా ఆ జబ్బుకు మందు చవక. థైరాక్సిన్ మాత్ర రోజుకొకటి నలిపి కొంచెం తల్లిపాలలో కలిపి పట్టడం. రెండు వారాల్లోపు మొదలైతే పిల్ల అందరిలాగే బడికి పోతుంది. ఆలస్యమైతే ఆ మెదడును తిరిగి తెచ్చే మందు లేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని బోరబండకు రండి. లింగంపల్లి వైపు పోయే ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో బోరబండ తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. ఆ స్టేషన్ చుట్టూ ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డ చుక్కను టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీలో పెట్టి, యాభైకి పైగా జబ్బులు ఒక్కసారే చూసే ప్యాకేజీ దొరుకుతుంది, డబ్బుంటే. ఈ స్టేషన్ చుట్టూ బస్తీల్లో అద్దెకుండే కుటుంబాలది మరో లెక్క. గోవా, కేరళ తమ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పసివాళ్ళ రక్తపు చుక్క పరీక్షను కార్యక్రమంగా పెట్టుకున్నాయి. దేశమంతటికీ ఒకే పథకం ఇంకా లేదు. తెలంగాణలో 2018 నుంచి టీ-డయాగ్నస్టిక్స్ ఉంది. బస్తీ దవాఖానలో తీసిన శాంపిల్ బండెక్కి పెద్ద ల్యాబ్‌కు పోతుంది, రిపోర్ట్ ఫోన్‌కు వస్తుంది. శాంపిల్ తిరిగే దారి పడింది కాబట్టి పసివాళ్ళ చుక్కలు కూడా ఆ దారిలోనే పోవచ్చని నాకనిపిస్తుంది.

చుక్క ల్యాబ్‌కు చేరాక అక్కడి సీనియర్ మనిషికి అసలు పని మొదలవుతుంది. థైరాయిడ్ లోపాన్ని పట్టిచ్చే టీఎస్‌హెచ్ హార్మోన్ పుట్టగానే ఒక్కసారి ఎగుస్తుంది, ఒకటి రెండు రోజులకు గానీ దిగదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పయితే తల్లిని తొందరగా ఇంటికి పంపేస్తారు. తొందరగా తీస్తే అందరూ జబ్బువాళ్ళలాగే కనిపిస్తారు, ఆగితే తల్లి దొరకదు. ఎండాకాలం మన ఉక్కలో కాగితం సరిగా ఆరకపోయినా, వేడిలో పడి ఉన్నా కొన్ని ఎంజైములు చచ్చిపోయి, లేని లోపం ఉన్నట్టు చూపిస్తాయి. నెలలు నిండని బిడ్డల్లో అడ్రినల్ హార్మోన్ అంకె వేరు. ఎక్కడ గీత గీసి "వీళ్ళను మళ్ళీ పిలవండి" అనాలో ఆ మనిషే తేల్చాలి. గీత కిందికి జరిపితే వందల ఇళ్ళలో ఉత్త భయం, పైకి జరిపితే ఒక్క బిడ్డ జారిపోతుంది.

తర్వాత పిలవాలి. ఫోలింగ్‌కు లీటర్లు కావాల్సి వచ్చింది, ఇవాళ చుక్కలో మూడు మిల్లీమీటర్ల బిళ్ళ చాలు. బిడ్డను మళ్ళీ వెతికి పట్టుకోవడం మాత్రం ఆ లెక్కన తేలిక కాలేదు. బారసాల ఇరవైయొకటో రోజున, కాబట్టి కార్డు మీద బిడ్డకు పేరుండదు, "బేబీ ఆఫ్" అని తల్లి పేరు. నగరంలో ఆ పేరుగల బాలింతలు ఎందరో. చిరునామా బోరబండలో అద్దె గది, ఫోన్ నంబరు భర్తది, అతను డ్యూటీలో ఉంటే ఎత్తడు. తొలికాన్పు కదా, తల్లీబిడ్డా పుట్టింటికి పోయి ఉంటారు, అయిదో నెల దాకా రారు. రెండు వారాల గడువు ఆ ఊళ్ళో గడిచిపోతుంది.

నన్నడిగితే, కార్డు అచ్చువేసేటప్పుడే అమ్మమ్మ ఊరు, అమ్మమ్మ ఇంటి ఫోన్ నంబరు రాయడానికి ఒక గడి పెట్టాలి. ల్యాబ్ నుంచి ఆ నంబరుకు ఫోన్ చేసేది ఎవరో కూడా ముందే తేల్చాలి. ఎత్తకపోతే అక్కడి ఆశా కార్యకర్తకు కబురు పోవాలి, "బిడ్డను ఇవాళే తీసుకురండి, మాత్ర సిద్ధంగా ఉంది" అని.