ఆఖరి విజిల్ తర్వాత రెఫరీకి అధికారం ఉంటుందా?

మేము తమిళంలో చదువుకున్నవాళ్ళం, మా రాతలో తప్పులుంటే మన్నించండి.

2019 మార్చి 9న మన కోయంబత్తూరు నెహ్రూ స్టేడియంలో చెన్నై సిటీ జట్టు ఐ-లీగ్ గెలిచినప్పటి నుంచి మన పిల్లలకు బంతి పిచ్చి ఇంకా ఎక్కువైంది. పోయిన ఆదివారం మదురై మనవాళ్ళతో ఆట పెట్టుకున్నాము. ఆఖరి విజిల్ అయ్యాక మా మనవడు రెఫరీని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన ఎర్రకార్డు చూపించాడు. "ఆట అయిపోయింది కదా, ఇంక ఈయనకేం అధికారం?" అని అందరికంటే గట్టిగా అరిచింది మేమే. ఇంటికి వచ్చి చదివాక తెలిసింది, తప్పు మాదేనని.

పూర్వం ఇంగ్లండులో ఒక్కో జట్టుకు ఒక్కో అంపైరు ఉండేవాడు. ఆ ఇద్దరికీ మాట కుదరకపోతేనే బయట ఉన్న రెఫరీని అడిగేవారు. 1891లో రెఫరీని మైదానంలోకి తెచ్చి అధికారమంతా ఆయన చేతికిచ్చారు. పసుపు, ఎర్ర కార్డులు 1970 మెక్సికో ప్రపంచకప్‌లో వచ్చాయి. ఇప్పటి అయిదో నిబంధన ప్రకారం, ఆటకు ముందు మైదానం చూసుకోవడానికి అడుగుపెట్టినప్పటి నుంచి ఆట ముగిశాక మైదానం విడిచిపోయేదాకా క్రమశిక్షణ అధికారం రెఫరీదే.

రైల్వేలోనూ అంతే కదా! డ్యూటీ టైము అయిపోగానే లేచి వెళ్ళలేము. లెక్క అప్పజెప్పి సంతకం పెట్టేదాకా కౌంటరు మన బాధ్యతే.

2006 జూన్ 30న బెర్లిన్‌లో జర్మనీ పెనాల్టీల్లో అర్జెంటీనాను ఓడించింది. అంతా అయ్యాక తోపులాట మొదలైంది. ఆ రోజు ఆటలోకి దిగనే దిగని అర్జెంటీనా ఆటగాడు కుఫ్రే, మెర్టెసాకర్‌ను కాలితో తన్నాడు. రెఫరీ లుబోష్ మిఖేల్ అతనికి ఎర్రకార్డు ఇచ్చాడు. అదే గొడవలో చేయి చేసుకున్న జర్మనీ ఆటగాడు ఫ్రింగ్స్‌కు కార్డు పడలేదు. కానీ టీవీ దృశ్యాలు చూసి ఫిఫా అతణ్ణి ఇటలీతో సెమీఫైనల్ ఆడకుండా ఆపేసింది. అంటే రెఫరీ వెళ్ళిపోయినా కమిటీ ఉంటుంది.

అయితే ఆట ముగిసి మైదానం దాటాక రెఫరీ తన తీర్పును తానే మార్చుకోలేడు. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో సికింద్రాబాదులో పుట్టిన మన సునీల్ ఛెత్రి వేగంగా ఫ్రీకిక్ కొట్టి గోల్ చేశాడు. అది చెల్లదని కేరళ బ్లాస్టర్స్ జట్టు ఆట వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆడించమని అడిగినా లాభం లేకపోయింది, గోల్ గోల్‌గానే నిలిచింది. పైగా ఆ జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 ఆటల నిషేధం పడ్డాయి.

మనవడి కార్డు రద్దు చేయమని మేము సంఘానికి ఇచ్చిన అర్జీని వెనక్కి తీసుకుంటున్నాము. వచ్చే ఆటకు వాడు బయట కూర్చుంటాడు, పక్కన మేమూ కూర్చుంటాము. సెలవు రోజున పైసా తీసుకోకుండా ఎండలో విజిల్ ఊదడానికి వచ్చిన మనిషి ఆయన. మనం ఇలా మీద పడితే రేపు మన పిల్లల ఆటకు ఎవరు వస్తారు?